అందిన రోజే వాడండి

ఇడ్లీ తినేసి, ఒక వెబ్‌సైట్ పెట్టేసి, మధ్యాహ్నం నుంచి పాత పెట్టెలకు ఇంకో చెయ్యి పాలిష్ వేద్దామని ఆ రోజు పొద్దున్నే జీవరాజు అనుకున్నాడు. బయట ముసురు పట్టి ఉంది. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. రాజమహేంద్రవరం ఇన్నీసుపేట సందులో ఉన్న అతని దుకాణం ముందు వాననీరు నిలిచి, ‘జీవరాజు బాక్స్ వర్క్స్’ అన్న బోర్డు అందులో తలకిందులుగా కనబడుతోంది. బాక్సు అంటే చనిపోయినవారిని ఉంచి సమాధి చేసే పెట్టె. ఆ సంగతి బోర్డు మీద వివరంగా రాయించడానికి జీవరాజు తండ్రికి మనసొప్పలేదు. అలాంటి దుకాణానికి కొడుకు పేరు పెట్టడానికి మాత్రం ఆయన ఏమీ సంకోచించలేదు.

ఆ వ్యాపారంలో ఒక చిక్కుంది. అది బాగా సాగాలని ప్రార్థన చేసుకునే వీలు లేదు. మిగతా వర్తకులు చర్చిలో లేచి నిలబడి, ప్రభువా మా వ్యాపారాన్ని వృద్ధి చెయ్యి అని వేడుకుంటే అందరూ ఆమెన్ అంటారు. జీవరాజు లేచి నిలబడితే ముందు వరసలోని ముసలివాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. దానికితోడు, అతని చూపు ఎదుటి మనిషి తల దగ్గర మొదలై పాదాల దగ్గర ఆగుతుంది. వృత్తివల్ల వచ్చిన అలవాటు. అందుకని కొందరు పెద్దలు అతను ఎదురైతే గబగబా ఒక కుర్చీ వెతుక్కుని కూర్చుంటారు.

ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఈ మధ్య హైవే మీద ఒక పెద్ద షాపు వెలిసింది. ఫ్రీజరు పెట్టె, పూలు, వ్యాను, మైకుసెట్టు, అన్నీ అక్కడే. ఇంట్లో మనిషి పోగానే ఏ విశాఖపట్నం నుంచో వచ్చిన బంధువు ఫోనులో వెతుకుతాడు. ఆ షాపు కనబడుతుంది. అంతటితో సరి. జీవరాజు దుకాణంలో నిలబెట్టిన పెట్టెలకు దుమ్ము దులపడం తప్ప పని లేకుండా పోయింది. చర్చి బడిలో పంతులమ్మగా చేస్తున్న అతని భార్య దీనమ్మ, ఇక ఇది కట్టిపెట్టి తలుపులూ కిటికీలూ చేసుకోమని చెప్పి చూసింది. తండ్రి వాడిన ఉలితో కిటికీలు చెయ్యడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. వెబ్‌సైట్ పెట్టి చూడాలి. క్రిస్మసు లోపల దుకాణం తేరుకోకపోతే మూసెయ్యాలి. దీనమ్మ షరతు ఒక్కటే, దానికి చిల్లిగవ్వ ఖర్చు పెట్టకూడదు.

ఆ షరతు పుణ్యమా అని ఎజ్రా వచ్చాడు. ఎజ్రా దీనమ్మకు తమ్ముడు, ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటు. ఆ కాలేజీకి వెబ్‌సైట్ తయారుచేస్తున్న రోజుల్లో, చేసేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వాళ్ళకు టీలు తెప్పించాడు. అప్పట్నుంచీ ఆ విద్యలో తనకు తెలియనిది లేదని అతని నమ్మకం. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, పాలిష్ వెయ్యని ఒక పెట్టె మూత మీద దాన్ని తెరిచాడు.

“కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని ఉంటుంది బావగారూ. సీఎంఎస్ అంటారు. మనకి కోడింగు రాకపోయినా పర్లేదండి. ఇల్లు కట్టి సున్నం వేసి ఇచ్చేసినట్టే. మనం సామాను సర్దుకోవడమే.”

“ఎంతకిస్తారు?”

“ఊరికే ఇస్తారు. అందరూ వాడేవి మూడున్నాయి. వర్డ్‌ప్రెస్, జూమ్లా, ద్రుపాల్. మూడూ ఊరికే.”

“మూడూ ఊరికే అయితే ఏది తీసుకోవాలి?”

ఎజ్రా కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. “అదేనండి కష్టం. డబ్బులిచ్చి కొనేవైతే చవకది కొనుక్కుని ఊరుకుందుం.”

ఆ కష్టంతోనే పొద్దున పూటంతా గడిచింది. ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసిన వ్యాసాలన్నీ ఎజ్రా పైకి చదివాడు. మొదటిది సులువైనదని ఒకరు రాశారు. రెండోది సులువుకూ కష్టానికీ మధ్యన ఉంటుందని ఇంకొకరు. మూడోది బలమైనదని, నేర్చుకోవడానికి ఓపిక కావాలని మరొకరు. జీవరాజుకు ఇవన్నీ చెక్కల్లా వినబడ్డాయి. మామిడి చెక్క చెప్పినట్టు వింటుంది. వేప కాస్త మొండికేస్తుంది. టేకు చేతులు నొప్పెట్టిస్తుంది గాని నిలబడుతుంది. కనుక ద్రుపాలే మంచిదని అతను అన్నాడు. టీలు తెప్పించిన రోజుల్లో తాను చూసినది వర్డ్‌ప్రెస్ కనుక అదే మంచిదని ఎజ్రా అన్నాడు. బడి నుంచి భోజనానికి వచ్చిన దీనమ్మ, ఇంతసేపూ ఏం చేశారని అడిగి, పేరు కూడా తేలలేదని తెలుసుకుని, సులువుదానితో మొదలుపెట్టమంది.

వర్డ్‌ప్రెస్‌లోకి దిగాక మళ్ళీ అదే చిక్కు వచ్చిపడింది. సైటు పైకి ఎలా కనబడాలో దాన్ని థీమ్ అంటారట. అవీ ఊరికే వస్తాయి, అవీ లెక్కలేనన్ని ఉన్నాయి. బాక్సులు అని కొట్టి వెతికితే ఒకటి దొరికింది. తెల్లటి లేసు అంచు, మూలల్లో లిల్లీ పూలు. అచ్చం జీవరాజు పెట్టెల లోపల కుట్టించే గుడ్డలా ఉంది. అతనికి చూడగానే నచ్చింది. నిజానికి అది ఎవరో కేకులమ్మే బేకరీ కోసం చేసి, నలుగురికీ పనికొస్తుందని వదిలిన థీమ్. కేకుల ఫొటోలు తీసేసి పెట్టెల ఫొటోలు పెడితే సరిపోతుందని ఎజ్రా అన్నాడు. ఆర్డరు తీసుకోవడం, కొన్నవాళ్ళకు ఎప్పటికప్పుడు ఫోనుకు మెసేజీలు పంపడం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్న మాటలను ఒక బటన్ నొక్కి తెలుగులోకి మార్చేశాడు. తెలుగులో ఏమని మారాయో ఇద్దరూ చూడలేదు.

ఒక ఆర్డరు పెట్టి చూద్దాం, మీ పేరు కొడతానని ఎజ్రా అన్నాడు. దుకాణదారు తన దగ్గర తానే కొనడానికి సైటు ఒప్పుకోలేదు. వేరే పేరు, వేరే నంబరు కావాలంది. జీవరాజు తలెత్తాడు. ఎదురు గోడకు చర్చి క్యాలెండరు వేలాడుతోంది. దాని అడుగున సంఘ పెద్ద శ్యాంబాబు గారి పేరు, ఫోను నంబరు అచ్చయి ఉన్నాయి. శ్యాంబాబు గారు రిటైరైన హెడ్మాస్టరు, జీవరాజుకు లెక్కలు చెప్పిన గురువు. ఇల్లు ఆ పక్క వీధిలోనే. జీవరాజు అటు వేలు చూపించాడు, ఎజ్రా ఆ పేరూ నంబరూ కొట్టేశాడు. బాక్సు మీద ఏ పేరు రాయాలని సైటు అడిగింది. శ్యాంబాబు అని కొట్టాడు. ఎంతమందికి అని అడిగింది. ఒక్కరికి అన్నాడు. ఏ సందర్భం అని అడిగింది. పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఇతరములు అని ఉన్నాయి. ఇతరములు నొక్కాడు.

ఇద్దరూ జీవరాజు ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆర్డరు వచ్చినట్టు ఏ కబురూ రాలేదు. దుకాణదారు నంబరు రాయవలసిన గడిని ఎజ్రా ఖాళీగా వదిలేశాడు, వచ్చిన చిక్కు అంతే. అది అతనికి తట్టలేదు. ఇది మనకు కుదరదు, రేపు జూమ్లా చూద్దామని ల్యాప్‌టాప్ మూసేశాడు. వాళ్ళు మూసింది ల్యాప్‌టాప్ ఒక్కటే. సైటు మేలుకునే ఉంది.

ఆ సాయంత్రం శ్యాంబాబు గారు వరండాలో కాఫీ తాగుతుండగా ఫోను మోగి ఊరుకుంది. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ‘ప్రియమైన శ్యాంబాబు, మీ బాక్సును ఎంచుకున్నందుకు అభినందనలు. దాని మీద మీ పేరు అందంగా రాయబడుతుంది. ఒక్కరికి సరిపోతుంది. జీవరాజు బాక్స్ వర్క్స్.’

వారం కిందట ఆయనకు కడుపునొప్పి వస్తే కూతురు ప్రిస్కిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎండోస్కోపీ చేయించింది. రిపోర్టు ఇంకా ఇంటికి రాలేదు. బ్యాంకులో ఉద్యోగం, పైన వాన, దాన్ని తెచ్చుకోవడానికి ఆమెకు తీరలేదు. మాస్టారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, రిపోర్టు ఏమైందమ్మా అని అడిగారు. ఆమె గిన్నెలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే, తెస్తాను నాన్నగారూ, తొందరేముంది అంది. మాస్టారు జీవితమంతా పిల్లల మొహాలు చూసి ఎవరు ఏం దాస్తున్నారో కనిపెట్టిన మనిషి. ఆ అనుభవమే ఆయన్ని ముంచింది. పిల్ల మొహం చూపించలేకపోతోంది, పెట్టె కూడా చెప్పి వచ్చింది అనుకున్నారు. ఆమెను బాధపెట్టడం ఇష్టం లేక మళ్ళీ అడగలేదు.

మర్నాడు ఇంకో మెసేజీ వచ్చింది. ‘మీ బాక్సు తయారవుతోంది. తాజాదనం కోసం అందిన రోజే వాడండి. ఎండ తగలని చల్లని చోట ఉంచండి.’ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. రోజు కూడా నిర్ణయమైపోయిందన్నమాట. ఇక పథ్యం దేనికని ఆ మధ్యాహ్నం డాక్టరు వద్దన్న ఆవకాయ అన్నంలో రెండుసార్లు కలుపుకుని తిన్నారు. సాయంత్రానికి కడుపులో మంట లేచింది. ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

ప్రిస్కిల్లా ఇదంతా చూస్తూనే ఉంది. తండ్రి భయం లేకుండా ఆవకాయ తింటున్నారు. ఇస్త్రీ పంచె తీసి దిండు పక్కన పెట్టుకున్నారు. పాస్టరు గారికి ఫోను చేసి తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడారు. డాక్టరు ఈయనకే ఫోను చేసి ఏదో చెప్పి ఉంటాడు, నేను తట్టుకోలేనని ఈయన దాస్తున్నారు అనుకుంది. రిపోర్టు తెచ్చుకోవడానికి అప్పటిదాకా తీరిక లేదు, ఇప్పుడు ధైర్యం లేకపోయింది. తండ్రీ కూతురూ ఒకరి కోసం ఒకరు నవ్వుమొహం పెట్టుకుని, ఎవరి గదిలో వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

జీవరాజూ ఎజ్రా జూమ్లాతో కుస్తీ పడుతుండగా పాస్టరు గారు గొడుగు ముడుచుకుంటూ దుకాణంలోకి వచ్చారు. గొంతు తగ్గించి, “మాస్టారి పెట్టె నీకే చెప్పారటగా జీవరాజూ” అన్నారు.

“ఏ మాస్టారండీ?”

“శ్యాంబాబు గారే. ఆయనే నాతో అన్నారు. ఇంట్లో అమ్మాయి పైకి చెప్పుకోవట్లేదు, ఆయనా అడగట్లేదు. నువ్వూ ఎవరితో అనకు. మంచిగా చెయ్యి.”

జీవరాజు అలాగేనని తలూపాడు. నిన్న సరదాకు కొట్టిన ఆర్డరు అతనికి గుర్తు రాకపోలేదు. కాని అది పని చెయ్యలేదు కదా. పైగా, ఉత్తుత్తికి ఎవరి పేరు రాయించాడో ఆ మనిషికే ఇలా కావడం చూసి అతనికి భయమేసింది. ఎంత పాపిష్టి చెయ్యి అది అని పైకే అనేశాడు. ఆ చెయ్యి తనదని ఎజ్రా ఒప్పుకోలేదు. మీరు చెప్తేనే కదా కొట్టాను బావగారూ అని నసిగాడు.

సీఎంఎస్ సంగతి ఆ రోజుతో అటకెక్కింది. అటక మీద తండ్రి కాలం నుంచి ఉన్న టేకు పలకలు కిందికి దిగాయి. జీవరాజు మాస్టారి కొలత ఎవరినీ అడగనక్కర్లేదు. చర్చిలో వందసార్లు చూసిన మనిషి. కోశాడు, చిత్రిక పట్టాడు, మూలలు కలిపాడు. లెక్క తప్పు చేసినప్పుడు బెత్తం ఎత్తి కూడా కొట్టకుండా దించేసే ఆ చెయ్యి పదేపదే కళ్ళ ముందు మెదిలింది. ఎన్నాళ్ళకో చేతికి పని దొరికిందన్న సంతోషం ఒక మూల ఉండనే ఉంది. దాన్ని చూసి అతనికే సిగ్గేసింది. అప్పుడప్పుడూ రంపపు పొట్టు పడిందన్న వంకతో కళ్ళు తుడుచుకున్నాడు.

వాన తగ్గలేదు. గాలిలో తడివల్ల పాలిష్ ఆరడం లేదు. జీవరాజు వేలితో ముట్టుకుని చూసి, “మాస్టారు ఇంకో రెండ్రోజులు ఆగితే బాగుండును” అన్నాడు.

దీనమ్మ అతనికేసి చూసింది.

“అంటే, పాలిష్ ఆరాక...”

“అర్థమైంది లెండి. చర్చిలో అనకండి ఆ మాట.”

మాస్టారిని చూసి రావాలని ఉంది గాని జీవరాజు వెళ్ళలేదు. పెట్టె చేసేవాడు ముందుగా గుమ్మంలో కనబడటం మర్యాద కాదు.

ఈలోపల అక్కడ ఇంకో పెద్ద పని జరిగిపోయింది. మాస్టారికి యెహెజ్కేలు అని ఒక తమ్ముడున్నాడు. పట్టిసీమ దగ్గర వ్యవసాయం చేసుకుంటూ, భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. వాళ్ళ తల్లి పోయినప్పుడు ఇలాగే వరద. బస్సులు నడవక యెహెజ్కేలు రావడం ఆలస్యమైంది. వాన మళ్ళీ అందుకునేలా ఉందని, కార్యక్రమం టైము ప్రకారం జరగాలని, శ్యాంబాబు గారు పెట్టె మూత వేయించేశారు. తమ్ముడు వచ్చేసరికి తల్లి మట్టిలో ఉంది. అతను అన్నతో ఒక్క మాటా అనలేదు. ఆ తరవాత కూడా ఎన్నడూ అనలేదు. ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు మాస్టారే ఫోను తీసుకుని నంబరు నొక్కారు.

“నేనురా, అన్నయ్యని. నా పని అయిపోయింది. నువ్వొచ్చేదాకా మూత వెయ్యొద్దని ఇంట్లో చెప్తాను. అమ్మ విషయంలో నాది తప్పే.”

 అవతలినుంచి బయల్దేరుతున్నానని మాత్రం వినబడింది. ఆ పూటే యెహెజ్కేలు కొవ్వూరు దాకా బస్సులో, అక్కణ్ణించి బ్రిడ్జి మీద ఆటోలో, ఒక చేతిసంచి పట్టుకుని వచ్చాడు. అందులో ఒక్క జత బట్టలున్నాయి. అవి తెల్లవి. అన్న మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. రాత్రయినా ఆ చెయ్యి వదల్లేదు. తలుపు సందులోంచి చూసిన ప్రిస్కిల్లాకు ఇక ఏ అనుమానమూ మిగల్లేదు. బాబాయి గోదావరి దాటి వచ్చాడంటే నాన్నగారు నిజంగానే వెళ్ళిపోతున్నారన్నమాట.

మర్నాడు పాస్టరు గారు జీవరాజుకు ఫోను చేశారు. మాస్టారు పెట్టె కళ్ళారా చూస్తానంటున్నారు, తీసుకురమ్మన్నారు. పాలిష్ ఇంకా జిగురుగానే ఉంది. రావులపాలెం నుంచి అరటి గెలలు తెచ్చి దింపి ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటోను ఎజ్రా ఆపాడు. పెట్టెను గోనెపట్టాలో చుట్టి ఎక్కించారు. అరటి ఆకుల వాసన మధ్య దాన్ని పొదివి పట్టుకుని జీవరాజు కూర్చున్నాడు.

ప్రిస్కిల్లా తలుపు తీసింది. పట్టా తొలగిన చోట ఇత్తడి అక్షరాల్లో తండ్రి పేరు కనబడింది. ఆమె మెట్టు మీదే కూలబడింది.

“ఇది ఎవరు చెప్పారు అన్నయ్యా?”

జీవరాజు నోరు తెరిచేలోగా లోపలినుంచి మాస్టారి గొంతు వినబడింది. “నువ్వు చెప్పిందే కదమ్మా. ఇంకా దాపరికం ఎందుకు. లోపలికి తెమ్మను.”

పెట్టెను హాల్లోకి చేర్చారు. మాస్టారు తమ్ముడి భుజం పట్టుకుని లేచి వచ్చి, వేలి కణుపుతో మూత మీద తట్టి చూశారు. మూలల్లో గోరు దూరుతుందేమోనని పరీక్షించారు. దూరలేదు. “బాగా చేశావురా” అన్నారు. “కాని ఆ మెసేజీలేంటి? పోయే మనిషికి పంపే మాటలేనా అవి?”

“ఏ మెసేజీలండీ మాస్టారూ?”

మాస్టారు ఫోను అతని చేతిలో పెట్టారు. జీవరాజు మొదటినుంచీ చదువుకుంటూ వచ్చాడు. ఒక్కరికి సరిపోతుంది. అందిన రోజే వాడండి. చివరిది ఆ రోజు పొద్దుటిది. ‘మీ బాక్సు బయల్దేరింది. తెరిచేటప్పుడు మీ ఆనందాన్ని ఫొటో తీసి మాకు పంపండి.’ ఆ రోజు పని చెయ్యలేదనుకున్న సైటు పనిచేస్తూనే ఉందని అతనికి అర్థమైంది. పక్కనుంచి తొంగిచూసిన ఎజ్రా, ఆటో వెళ్ళిపోతుందేమో చూసి వస్తానని బయటికి నడిచాడు.

జీవరాజు ఎటూ కదల్లేకపోయాడు. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఆ అన్నదమ్ములను చూస్తే ఊరుకోవాలనే ఉంది. చెప్పేస్తే ఈ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకోలేడు. పెట్టెలవాడు బతికున్న మనిషికి చావు కబురు పంపాడంటే ఇక దుకాణం తలుపు తెరవనక్కర్లేదు. అంతలో ప్రిస్కిల్లా కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

“నాన్నగారూ, డాక్టరు మీతో ఏమన్నారు? ఇప్పటికైనా నాకు చెప్పండి.”

“నాతో ఏమంటాడు? నీతో ఏమన్నాడో నువ్వే నాకు చెప్పాలి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  ఆ పిల్ల మొహం చూశాక జీవరాజు ఆగలేకపోయాడు.

“ఎవరూ ఏమీ అనలేదండి. ఈ పెట్టె ఎవరూ చెప్పలేదు. నేను వెబ్‌సైట్ పెడదామనుకున్నాను... ఊరికే వస్తుంది కదా అని. మీ నంబరు క్యాలెండర్లో కనబడితేనూ, ఉత్తినే...”

మిగతాది తడుముకుంటూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. మూడు సీఎంఎస్‌లూ వచ్చాయి, లిల్లీ పూలు వచ్చాయి, ఇతరములు వచ్చాయి. బేకరీ దగ్గరికి వచ్చేసరికి యెహెజ్కేలు అడ్డం వచ్చాడు.

“బేకరీ అంటే కేకులా?”

“కేకులేనండి.”

యెహెజ్కేలు అన్న చేతి కింది నుంచి తన భుజం మెల్లగా తీసుకున్నాడు. “అయితే అన్నయ్య పోవడం లేదా?”

 జీవరాజు తల వంచుకుని, దెబ్బ పడినా పడనీ అన్నట్టు నిలబడ్డాడు. మాస్టారు అతనికేసి చూడనే లేదు. తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నారు.

“పోతున్నాను కదా అని వీణ్ణి క్షమించమన్నాను. పోతున్నాను కదా అని వీడూ క్షమించాడు. ఇప్పుడు ఇద్దరం బతికుండి ఏం చెయ్యాలి?”

ప్రిస్కిల్లా వానలోనే వెళ్ళి రిపోర్టు తెచ్చింది. కడుపులో చిన్న పుండు. మందులు వాడి, కారం మానేస్తే తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు. మాస్టారు ఆ మాట విని సంతోషించినట్టు ఎవరికీ కనబడలేదు. ఇంతలో పాస్టరు గారు పంపిన స్త్రీల సమాజం వాళ్ళు పాటల పుస్తకాలతో వచ్చేశారు. సంగతి తెలిసి అందరూ టీ తాగారు. ఎలాగూ నేర్చుకుని వచ్చాం కాబట్టి ఒక్క పాట పాడి వెళ్తామని అందులో ఒకావిడ అంది. మాస్టారు కుర్చీలో కూర్చుని, తన సమాధి దగ్గర పాడవలసిన పాటను చివరిదాకా విని, రెండో చరణంలో శ్రుతి తప్పారని చెప్పారు.

ఆ సాయంత్రం జీవరాజు దుకాణంలో దీపం వెయ్యకుండా కూర్చున్నాడు. ఎజ్రా కాస్త దూరంగా కూర్చుని, మొదట మీరు చెప్పిన ద్రుపాలే నయమేమో బావగారూ అన్నాడు. దీనమ్మ ల్యాప్‌టాప్ తన ముందుకు లాక్కుంది. వర్డ్‌ప్రెస్‌లోనే, బేకరీని మొత్తం తుడిచేసి, ఒకే ఒక్క పేజీ పెట్టించింది. పేరు, సందు గుర్తులు, ఫోను నంబరు, జీవరాజు ఫొటో. ఆర్డర్లూ వద్దు, అలంకారాలూ వద్దంది.

“ఏది ఊరికే వస్తుందని కాదురా చూడాల్సింది. దానంతట అది ఎవరితోనూ మాట్లాడకుండా ఉండేది కావాలి మనకి” అని తమ్ముడితో చెప్పింది.

ఊరంతా ఆ కథ పాకింది. జీవరాజు భయపడ్డట్టు ఎవరూ తిట్టలేదు. నవ్వారు. అది అతనికి ఇంకా కష్టమనిపించింది. చర్చిలో ముసలివాళ్ళు అతన్ని పిలిచి మరీ, మాకింకా మెసేజీ రాలేదేంటని అడిగేవారు.

వరద పెరిగి పోలవరం రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. అటు బస్సులు ఆగిపోయి యెహెజ్కేలు వెళ్ళలేకపోయాడు. నీళ్ళు తీసిన తరవాత కూడా ఎందుకో వెళ్ళలేదు. తెల్లబట్టలు రెండుసార్లు ఉతికాక ప్రిస్కిల్లా అతనికి లుంగీలు కొనుక్కొచ్చింది. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే పేపరు ఎవరు ముందు చదవాలన్న దగ్గర మొదలుపెట్టి, ఫ్యాను ఎంతలో తిరగాలన్న దాకా పోట్లాడుకునేవారు. ఆ ఇంట్లో ఇన్ని మాటలు తాను పుట్టాక వినలేదని ప్రిస్కిల్లా అంది.

పెట్టె మాత్రం హాల్లో గోడవారగా అలాగే ఉండిపోయింది. ఒకరోజు మాస్టారు జీవరాజును పిలిపించారు.

“వచ్చినవాళ్ళంతా ముందు దీన్ని చూసి, తరవాత నాకేసి చూస్తున్నారు. తీసుకుపోరా.”

“మీ కోసమని చేసిందండి. ఇంకొకళ్ళకి ఇవ్వడానికి నాకు చేతులు రావు.”

మాస్టారు ఆలోచించారు. హాల్లో చాప మీద పడుకుంటున్న తమ్ముడు రోజూ నడుం పట్టేసిందని సణుగుతున్నాడు. “అయితే వీడికి మంచం చేసెయ్” అన్నారు.

జీవరాజు పెట్టెను దుకాణానికి తెచ్చి, ఏ పలక దెబ్బతినకుండా విప్పాడు. మూత తలవైపు చెక్క అయింది. పక్కలు పట్టెలయ్యాయి. మంచం కోళ్ళకు మాత్రం వేరే కర్ర వాడాడు. అక్షరాలు ఊడబెరికిన చోట నునుపు తేలేదాకా చిత్రిక పట్టాడు. పడుకున్న మనిషి పొద్దున్నే లేస్తాడని తెలిసి అతను చేసిన మొదటి పని అది. దుకాణం ముందు ఆరబెట్టినప్పుడు దారినపోయేవాళ్ళు ఆగి, మంచాలు కూడా చేస్తున్నావా అని అడిగారు. అందులో ఒకాయన తనకూ ఒకటి కావాలన్నాడు.  ఆ రాత్రి దీనమ్మ వెబ్‌సైట్‌లో ఒక మాట కలిపింది, మంచాలు అని.

మంచం వేసిన మర్నాడు పొద్దున, ఎలా ఉందో కనుక్కుందామని జీవరాజు మాస్టారింటికి వెళ్ళాడు. యెహెజ్కేలు దాని మీద కూర్చుని ఉన్నాడు. గట్టిగానే ఉంది గాని పక్కకి తిరిగితే మోచెయ్యి బయటికి పోతోంది, కాస్త ఇరుకన్నాడు.

శ్యాంబాబు గారు పేపరులోంచి తలెత్తలేదు.

“నా కొలతకి చేసింది. సర్దుకో” అన్నారు.